నరాలకు కరెంటు పెట్టి షుగరు, కిడ్నీ నయం చేస్తామంటే నమ్మకండి: టెక్కలి, పలాస వైపు వారికి హెచ్చరిక

టెక్కలి, పలాస, సోంపేట వైపు కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని, ఉచిత నరాల చికిత్స శిబిరం పేరుతో ఒక యంత్రాన్ని అమ్ముతున్నారు. కాళ్లు ఆనించే పలక, చెవికి తగిలించే క్లిప్పు, పిక్కలకు అంటించే జిగురు పట్టీలు, మధ్యలో అంకెలు వెలిగే చిన్న పెట్టె. ధర 32,000 రూపాయలు. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, మోకాళ్ల నొప్పులు, పక్షవాతం అన్నీ దీనితోనే తగ్గిపోతాయని చెబుతారు. మా మావయ్య అది కొన్నారు. కొన్నాక ఏం జరిగిందో, ఆ పెట్టెలో నిజానికి ఏముందో, డబ్బు వెనక్కి అడిగితే ఏమన్నారో రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజూ టిఫిను తిని ఎక్కడికో ‘థెరపీ’కి వెళ్తున్నారంటే తప్పకుండా చదవండి.

వీళ్లు వచ్చే కాలం చూడండి. జీడి పిక్కలు అమ్ముడై రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లోనే దిగుతారు. ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిరుగుతారు. మొదట్లో ఏమీ అమ్మరు. ఎండాకాలంలో ఏసీ హాలు, చల్లని మజ్జిగ, వరుసగా కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు ఒక పలక. అరగంట కూర్చుని వెళ్లిపోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. సొంత కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తాడు. ఇక్కడ తెల్లచొక్కా వేసుకున్న కుర్రాడు మాత్రం కాళ్లకు దండం పెట్టి, ‘నాన్నగారూ, రాత్రి నిద్ర బాగా పట్టిందా’ అని పేరుపేరునా పలకరిస్తాడు. మావయ్య ఆ రోజుల్లో ఎంతో హుషారుగా ఉన్న మాట నిజం. ఆ హుషారు ఖరీదే 32,000 అని తరువాత తెలిసింది.

నమ్మకం కుదిరాక ‘పరీక్ష’ మొదలవుతుంది. చేతికి ఒక లోహపు కడ్డీ ఇచ్చి పట్టుకోమంటారు. నిమిషంలో కంప్యూటరు నుంచి రంగురంగుల రిపోర్టు వస్తుంది. గుండె ఇంత శాతం, కాలేయం ఇంత శాతం, ఎడమ కిడ్నీ ఇంత శాతం అని అందులో లెక్కలు. అరచేతిలో చెమట ఎక్కువుంటే కరెంటు తేలిగ్గా పారుతుంది, తక్కువుంటే పారదు. ఆ కడ్డీ పట్టుకోగలిగింది అంతవరకే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియాలంటే రక్తం తీయాలి, మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో తెలియాలంటే మూత్రం పరీక్షించాలి.

షుగరు విషయంలో ఇంకా తెలివైన పని చేశారు. మొదటిరోజు టిఫిను తిని వచ్చినవాళ్లకు అక్కడికక్కడే వేలికి సూది గుచ్చి చూశారు, అంకె సహజంగానే పెద్దది వచ్చింది. కొన్నాళ్లయ్యాక ‘రేపు పరగడుపున రండి, చికిత్స ఎంత పనిచేసిందో చూద్దాం’ అన్నారు. పరగడుపున చూస్తే అంకె తగ్గకుండా ఎలా ఉంటుంది? ఆ రెండు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి హాలంతా చప్పట్లు కొట్టించారు.

ఆ తరువాత తెర మీద ఒక వార్త చూపించారు. అమెరికాలో నరాలకు విద్యుత్తు పంపి జబ్బు తగ్గించే యంత్రానికి ప్రభుత్వ అనుమతి వచ్చిందన్నది ఆ వార్త సారాంశం. ఆ వార్త అబద్ధం కాదు. అందుకే చదువుకున్నవాళ్లు కూడా తలూపారు. అసలు సంగతి తెలిస్తే ఈ బేరం ఎక్కడ చెడిందో కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మెదడు కింది భాగం నుంచి మెడ గుండా గుండె, ఊపిరితిత్తులు, పేగుల వరకు దిగే పెద్ద నాడి ఒకటుంది, దాన్ని వేగస్ నాడి అంటారు. మెడ దగ్గర శస్త్రచికిత్స చేసి దానికి విద్యుత్ తీగ చుట్టే చికిత్సకు మందులకు లొంగని మూర్ఛ కోసం అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. లొంగని మానసిక కుంగుబాటుకు 2005లో ఇచ్చారు. శరీరంలోని వాపును ఈ నాడి అదుపు చేయగలదని కెవిన్ ట్రేసీ అనే శాస్త్రవేత్త బృందం 2000 నుంచి ప్రయోగాలతో చూపిస్తూ వచ్చింది. ఆ దారిలోనే 2025 జులైలో రుమటాయిడ్ కీళ్లవాతానికి ఒక పరికరం అనుమతి పొందింది. చిన్న గుళికంత పరికరాన్ని మత్తు ఇచ్చి మెడలో అమరుస్తారు, రోజుకు ఒక్క నిమిషం నాడిని తడుతుంది. ఖరీదైన మందులు పడనివారికి, పనిచేయనివారికి మాత్రమే అది. 242 మంది మీద పరీక్షించారు. అందరికీ పరికరం అమర్చారు కానీ సగం మందికి ఆన్ చేయలేదు. 12 వారాల తరువాత చూస్తే, నిర్ణీత కొలత ప్రకారం కనీసం 20 శాతం మెరుగుపడినవారు ఆన్ చేసినవాళ్లలో సుమారు 35 శాతం, ఆన్ చేయనివాళ్లలో 24 శాతం. ఆ తేడా నిజమైనదే, కానీ అద్భుతమేమీ కాదు.

ఇప్పుడు మండపంలోని పలకను దీని పక్కన పెట్టండి. శస్త్రచికిత్స లేదు, మెడలో తీగ లేదు, జబ్బు కూడా అది కాదు. మా అత్తయ్యది అరిగిపోయిన మోకాలు. రుమటాయిడ్ అంటే శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసుకునే వేరే జబ్బు. గుండె ఆపరేషన్ వార్త చూపించి బామ్ సీసా అమ్మినట్టుంది వాళ్ల వరస.

చెవి క్లిప్పు సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. వేగస్ నాడి చిన్న కొమ్మ ఒకటి చెవి లోపలి గుంట వరకు వస్తుంది, అక్కడ ప్రేరణ ఇచ్చి చూసే పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ పరిశోధనల్లో నిజం చికిత్సతో పోల్చడానికి ఉత్తుత్తి చికిత్స కూడా కావాలి కదా. అందుకోసం ఆ నాడి కొమ్మ లేని చోటని మామూలుగా ఎంచుకునేది చెవి తమ్మెనే. ఈ 32,000 రూపాయల యంత్రం క్లిప్పు పెట్టమన్నది సరిగ్గా తమ్మెకే.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పాలిటెక్నిక్ ప్రయోగశాలలో పనిచేసే మిత్రుడి దగ్గరికి ఆ పెట్టె తీసుకెళ్లి, కరెంటు పల్సులను తెర మీద గీసి చూపే ఆసిల్లోస్కోపుకు తగిలించాం. పెట్టె మీద ఆరు బొత్తాలున్నాయి: నొప్పి, షుగరు, బీపీ, కిడ్నీ, పక్షవాతం, నిద్ర. షుగరు నొక్కినా కిడ్నీ నొక్కినా తెర మీద అవే పల్సులు, అదే ఎత్తు, అదే ఎడం. నొప్పి బొత్తానికి మాత్రం కాస్త వేగంగా వస్తాయి. మిగతా తేడా అంతా గొంతులోనే ఉంది: పెట్టె చక్కటి తెలుగులో ‘కిడ్నీ చికిత్స ప్రారంభమైనది’ అని ప్రకటిస్తుంది. లోపల ఉన్నది ఫిజియోథెరపీ గదుల్లో దశాబ్దాలుగా వాడుతున్న టెన్స్ అనే నొప్పి యంత్రం. అలాంటిది బయట రెండు మూడు వేలకు దొరుకుతుంది.

టెన్స్ పనికిరానిదని నేను అనడం లేదు. చర్మం మీది నరాలను చిమచిమలాడిస్తే వెన్నుపాములో నొప్పి సంకేతం దారి మూసుకుంటుందని మెల్జాక్, వాల్ 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. కొందరికి, పెట్టుకున్నంతసేపూ ఆ తరువాత కొద్దిసేపూ నొప్పి తగ్గుతుంది. మండపంలో అత్తయ్య మోకాలు తేలికపడింది అందుకే. నొప్పి తగ్గినంత మాత్రాన అరిగిన కీలు తిరిగి పెరగదు, రక్తంలో చక్కెర దిగదు.

అసలు నష్టం మావయ్యకు జరిగింది. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు ఇలాంటి పట్టీలు చాలా జాగ్రత్తగా, వైద్యుడో ఫిజియోథెరపిస్టో చూస్తుండగానే వాడాలి. కరెంటు ఎక్కువైనా వాళ్లకు తెలియదు. ‘ఏమీ అనిపించడం లేదు’ అని ఆయన ఫోను చేస్తే, ‘అయితే ఇంకా పెంచండి నాన్నగారూ’ అని శిబిరం కుర్రాడు సలహా ఇచ్చాడు. మడమ పైన పట్టీ కింద చర్మం కాలి బొబ్బ లేచింది, బొబ్బ పుండైంది. శ్రీకాకుళం తీసుకొచ్చి కట్టు కట్టించాల్సి వచ్చింది. షుగరు కాలికి పుండు అంటే ఎంత భయమో ఆ జబ్బు ఉన్న ఇళ్లకు చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ, మాత్రలు మానేయడం. ‘మందులు వేసుకుంటూ ఉంటే యంత్రం పని చేయదు, మెల్లగా తగ్గించండి’ అని చెప్పారట. ఆయన మెల్లగా కూడా తగ్గించలేదు, షుగరు మాత్రలతో పాటు బీపీ మాత్రలనూ పూర్తిగా ఆపేశారు. పుండు కోసం ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తే, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 10 దాటింది, అంతకుముందు 7.4 ఉండేది. క్రియాటినిన్ కూడా పెరిగింది. యంత్రం కరెంటు కిడ్నీని పాడు చేసిందని నేను ఆరోపించను. అదుపు తప్పిన షుగరూ బీపీ కిడ్నీని తినేస్తాయి, ఆ అదుపు తప్పించింది వాళ్ల మాటే.

ఉద్దానంలో ఈ మాట ఎందుకు అమ్ముడుపోతుందో బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. షుగరూ బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా ఈ జబ్బు వస్తోంది. దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా ఇదీ కారణమని తేలలేదు. కారణం తెలియని చోట మందు అమ్మేవాడికి అడ్డేముంది? పైగా ఈ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా ముదురుతుంది కాబట్టి, ‘యంత్రం పెట్టుకుంటున్నాను, హాయిగా ఉన్నాను’ అనుకునే నెలలే విలువైన నెలలు. చచ్చిపోయిన కిడ్నీ కణజాలాన్ని కాలి పలకతో బతికించే చికిత్స ప్రపంచంలో ఎక్కడా లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మండపానికి వెళ్లే ఆటోలోనే అక్కడికీ వెళ్లవచ్చు.

ఇక డబ్బు గొడవ. ఇచ్చింది బిల్లు కాదు, ‘అంచనా’ అని రాసిన చీటీ. జీఎస్టీ సంఖ్య లేదు, చిరునామా లేదు. ఫోను ద్వారా కట్టిన సొమ్ము సంస్థకు కాక, ఎవరో వ్యక్తి ఖాతాకు వెళ్లింది. పెట్టె మీద ఐఎస్‌ఓ, సీఈ గుర్తులు మెరుస్తున్నాయి తప్ప మన దేశపు లైసెన్సు సంఖ్య లేదు. లోపల పెట్టిన కాగితంలో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది సాధారణ విశ్రాంతి కోసం మాత్రమేనని, ఏ జబ్బునూ నయం చేయడానికి కాదని రాసి ఉంది. మైకులో నయం చేసేది కాగితంలో చేయదన్నమాట! డబ్బు వెనక్కి ఇమ్మంటే, ‘ఇవ్వం సార్, కావాలంటే ఇంకో పదివేలు వేసుకుని అయస్కాంతం పరుపు తీసుకోండి’ అన్నారు. అత్తయ్య ఆ పరుపు గురించి అన్న మాట ఇక్కడ రాయలేను. ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశారు. మండపం ఖాళీ అయింది. విజయనగరం జిల్లాలో బొబ్బిలి వైపు అలాంటి శిబిరమే నడుస్తోందని బంధువులు చెప్పారు. అదే ముఠానో వేరేవాళ్లో తెలియదు గానీ పద్ధతి అదే: పలక, మజ్జిగ, పరగడుపు షుగరు.

మీ పెద్దవాళ్లు ఇప్పటికే వెళ్తుంటే వాళ్లతో తగాదా పడకండి. పట్టుదల పెరిగి మర్నాడే కొనేస్తారు. వాళ్లతో పాటు మీరూ ఒకసారి వెళ్లి ఒక్కటే అడగండి: ‘ఈ యంత్రం షుగరునీ కిడ్నీ జబ్బునీ నయం చేస్తుందని జీఎస్టీ బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి.’ నోటితో గంటసేపు చెప్పినవాళ్లు కలం తీయరు. పెద్దవాళ్లు కళ్లారా చూస్తారు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. కాబట్టి చికిత్స పరికరమని అమ్మితే దాని మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, దిగుమతి చేసినదైతే దిగుమతి లైసెన్సు సంఖ్య ఉండాలి. అవి కూడా అడగండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ‘ఉచితమే కదా’ అని ఆ పలక మీద కాలు పెట్టవద్దు. మెడ ముందు భాగంలో పట్టీలు ఎవరూ అంటించుకోవద్దు. శిబిరంలో ఈ ప్రశ్నలు ఎవరినీ అడగడం లేదు. టోకెను ఇచ్చి కూర్చోబెడుతున్నారు.

ఇప్పటికే కొన్నవాళ్లకు: చీటీ, కరపత్రం, డబ్బు కట్టిన సందేశం, వీలైతే మైకు ప్రచారం రికార్డింగు దాచుకోండి. మధుమేహం, పక్షవాతం వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందుల, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. నోటితో చేసే ప్రకటన కూడా ఆ చట్టం కిందికి వస్తుంది, కాబట్టి ఆటో మైకు కూడా సాక్ష్యమే. దీనికి జిల్లా ఔషధ తనిఖీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు కోసం ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఊరు మారినా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. మేం శ్రీకాకుళంలో వేస్తున్నాం. ఒకే చోట కొన్నవాళ్లు పదిమంది కలిసి వెళ్తే, ఆ వ్యక్తి ఖాతాలోకి ఎంత సొమ్ము పోయిందో కమిషన్ ముందు లెక్క తేలుతుంది. అందుకే చీటీ పారేయకండి, పెట్టెను కోపంతో పగలగొట్టకండి.