హాకీ కాంట్రాక్టులు చదివిపెట్టే తిరుపతి ఆఫీసు: పన్ను లెక్కలో దిట్ట, సంతకం హక్కుల దగ్గర తికమక

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక వకీలు, ఒక ఆడిటరు కలిసి నడుపుతున్న చిన్న ఆఫీసు ఇది. విదేశీ క్లబ్బులకు ఆడబోయే మన పిల్లల కాంట్రాక్టులు, మన లీగులకు వచ్చే విదేశీ ఆటగాళ్ల కాంట్రాక్టులు చదివి, ఏ క్లాజులో ఏముందో తెలుగులో రాసిస్తారు. పది పేజీల లోపు కాగితానికి మూడు వేలు, ఆపైన పేజీకి రెండు వందలు. నాలుగు పనిదినాలు పడుతుంది. చిత్తూరు, పీలేరు వైపు వాళ్లు ఫోన్లో పీడీఎఫ్ పంపినా తీసుకుంటారు.

ఈ రివ్యూ కోసం పేర్లు చెరిపేసి మూడు కాగితాలు ఇచ్చి చూశాం. యూరప్ క్లబ్బు ఒకటి మన వైపు అమ్మాయికి పంపిన ఆఫర్, ఒక ఏజెంటు ఒప్పందం, మన దేశంలో లీగు ఆడటానికి వచ్చే విదేశీ ఆటగాడి ఒప్పందం. రజని ఎతిమరపు చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి దేశానికి గోల్‌కీపరైంది. ఈ వైపు స్టిక్కు పట్టే ప్రతి అమ్మాయికీ ఆ పేరు తెలుసు. కాబట్టి ఇలాంటి సేవ ఇక్కడ ఉండటం చాలా అవసరం. అవసరం కాబట్టే తప్పుల్ని కూడా గట్టిగా చెప్పాలి.

ముందు మంచి. వాళ్లిచ్చే షీటులో మూడు గళ్లుంటాయి: ‘రాసింది’, ‘అర్థం’, ‘అడగాల్సింది’. యూరప్ ఆఫర్లో ఆరో క్లాజు ‘వసతి క్లబ్బు చూసుకుంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. రెండో గడిలో వీళ్లు రాసింది ఇది: ‘అద్దె ఒక్కటే అని వాదించవచ్చు. హీటింగ్, కరెంటు ఎవరివో లేదు.’ మూడో గడిలో: ‘అద్దె, హీటింగ్, కరెంటు, ఇంటర్నెట్ క్లబ్బువి అని రాయించండి. గదికి ఎంతమందో అంకె వేయించండి.’ డిసెంబరు, జనవరి చలిలో హీటింగ్ బిల్లు ఎంతవుతుందో తిరుపతిలో కూర్చున్న తల్లిదండ్రులకు తట్టదు. ఆ ఒక్క గడికే మూడు వేలూ చెల్లు.

అదే ఆఫర్లో జీతం ‘సీజన్‌కి’ అని ఉంది. అక్కడ బయటి టర్ఫ్ మీద ఆట చలికాలంలో ఆగిపోతుంది, ఆ నెలల్లో ఇండోర్ హాకీ ఆడతారు. సీజన్ అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆట ఆగిన నెలల్లో డబ్బు వస్తుందా, ఇండోర్ ఆడటం తప్పనిసరా అన్న మూడు ప్రశ్నలూ వీళ్లే అడిగారు. వీసా దగ్గర కూడా జాగ్రత్తగా ఉన్నారు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు కాబట్టి ‘ముందు వచ్చెయ్, తర్వాత చూద్దాం’ అనే క్లబ్బులున్నాయి. ఆ వీసా తిరగడానికే, జీతం తీసుకుని ఆడటానికి కాదు. పని చేసే అనుమతికి దరఖాస్తు ఎవరు పెడతారు, ఖర్చు ఎవరిది, రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలా అన్నది కాంట్రాక్టులోనే ఉండాలని ఎర్ర ఇంకుతో రాశారు.

పన్ను దగ్గర ఆడిటరు చెయ్యి తిరిగినవాడని తెలిసిపోతుంది. మన దేశంలో ఆడటానికి వచ్చే విదేశీ ఆటగాడు భారత పౌరుడు కాక, ఇక్కడ నాన్ రెసిడెంటు (పన్ను లెక్కలో నివాసి కానివాడు) అయితే, 1961 ఆదాయపన్ను చట్టం 115బీబీఏ సెక్షన్ కింద ఆటమీద వచ్చిన మొత్తం మీద 20 శాతం పన్ను. ఖర్చులు తీసేయడం కుదరదు. 194ఈ కింద డబ్బు ఇచ్చేవాళ్లే దాన్ని కోసుకోవాలి. 4 శాతం సెస్సుతో కలిపితే 20.8 శాతం. కాంట్రాక్టులో 20 లక్షలని ఉంటే కోత 4,16,000, చేతికొచ్చేది 15,84,000. కానీ మేమిచ్చిన కాగితంలో ‘20 లక్షలు, పన్నులు పోను’ అని ఉంది. ఈ చిన్న మాటతో లెక్క తిరగబడుతుంది. చేతికి 20 లక్షలు ఇవ్వాలంటే ఫ్రాంచైజీ 25,25,253 రూపాయలు లెక్కగట్టి, అందులో 5,25,253 పన్ను కట్టాలి. అంటే పన్నులోనే లక్షా తొమ్మిది వేల పైచిలుకు తేడా. దీన్ని వీళ్లు మార్జిన్లో చేత్తో వేసి చూపించారు. ఒక్క సవరణ కావాలి: 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. షీటు మీద ఇంకా పాత నంబర్లే ఉన్నాయి. కొత్త కాంట్రాక్టులో పాత నంబరు రాయిస్తే తర్వాత అనవసరమైన పేచీ.

మన అమ్మాయి అక్కడికెళ్లి ఆడేటప్పుడు లెక్క వేరు. ఉద్యోగం కోసం దేశం వదిలిన ఏడాదిలో ఇక్కడ 182 రోజులో అంతకు మించో ఉంటే ఆమె రెసిడెంటే, అక్కడి జీతం కూడా ఇక్కడ చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు కావాలంటే క్లబ్బు నుంచి పన్ను కోత సర్టిఫికెట్టు తప్పక తెచ్చుకోవాలి. ‘సీజన్ ముగిసిన 30 రోజుల్లో క్లబ్బు ఇవ్వాలి’ అని ఒక వాక్యం వీళ్లే తయారుచేసి ఇచ్చారు. బాగుంది.

ఇక తికమక. షీటు వెనక ‘సంతకం హక్కులు’ అని రెండు పేజీల నోటు పిన్ను చేస్తారు. అందరికీ ఒకటే నోటు. దాని సారాంశం ఏమంటే, విదేశీ హాకీ ఆటగాడి మీద మొదట ఎంచుకున్న క్లబ్బుకి నాలుగేళ్ల హక్కు ఉంటుంది, మొదటి కాంట్రాక్టు మూడేళ్లు ఉండి తీరాలి, కాబట్టి అలాంటి క్లాజు కనపడితే కంగారు పడొద్దు. ఇది హాకీయే, కాదనం. కానీ ఐస్ హాకీ. ఉత్తర అమెరికాలోని ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనల్ని తెచ్చి, టర్ఫ్ మీద ఆడే పిల్లల కాంట్రాక్టుకి అతికించారు.

ఆ నిబంధనలు ఎక్కడివో తెలిస్తే అవి ఇక్కడ ఎందుకు పనికిరావో తేలిపోతుంది. ఎన్‌హెచ్‌ఎల్లో ఏటా డ్రాఫ్టు జరుగుతుంది, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఒక యూరప్ కుర్రాణ్ణి 18 లేదా 19 ఏళ్లప్పుడు ఒక క్లబ్బు ఎంచుకుంటే, 2013 నాటి ఒప్పందం ప్రకారం ఆ తర్వాత వచ్చే నాలుగో జూన్ 1 దాకా అతనితో సంతకం చేయించుకునే హక్కు ఆ క్లబ్బుదే. కెనడా జూనియర్ లీగుల నుంచి ఎంచుకున్నవాడికైతే రెండో జూన్ 1 దాకానే. కానీ ఈ హక్కు ఆ లీగులోని మిగతా క్లబ్బుల్ని ఆపుతుందే తప్ప కుర్రాణ్ణి ఆపదు. అతను ఆ నాలుగేళ్లూ స్వీడన్లోనో ఫిన్లాండ్లోనో హాయిగా జీతం తీసుకుని ఆడుకోవచ్చు. ఆటగాళ్ల సంఘం, లీగు ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్న ఉమ్మడి ఒప్పందంలో ఇది ఒక ముక్క. దానికి బదులుగా ఆటగాళ్లకి కనీస జీతం, పింఛను, మధ్యవర్తి తీర్పు లాంటివి దక్కాయి. ఆ బేరం జరగని చోట హక్కు మాత్రం తెచ్చుకుంటానంటే ఎలా?

పైగా ఆ నోటు ఎన్‌హెచ్‌ఎల్ లెక్కల్ని కూడా సగమే ఎక్కించింది. 2013 ఒప్పందంలో మొదటి కాంట్రాక్టు అందరికీ మూడేళ్లు కాదు. సంతకం చేసే ఏడాది సెప్టెంబరు 15 నాటికి వయసు 18 నుంచి 21 అయితే మూడేళ్లు, 22, 23 అయితే రెండేళ్లు, 24 అయితే ఒక ఏడాది. యూరప్ ఆటగాడైతే 25 నుంచి 27 దాకా కూడా ఒక ఏడాది. 28 నిండాక వస్తే ఈ కట్టడి లేనే లేదు. 18, 19 ఏళ్లకి సంతకం చేసినవాడు ఆ సీజన్లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచులు ఆడకపోతే కాంట్రాక్టు ఒక ఏడాది ముందుకి జరుగుతుంది. 2013 ఒప్పందం గడువు 2026 సెప్టెంబరు 15. మర్నాటి నుంచి 2030 సెప్టెంబరు దాకా కొత్త ఒప్పందం. నోటు మీద మాత్రం ఏ ఏటి నిబంధనలో తేదీ లేదు.

ఫీల్డ్ హాకీలో అంతర్జాతీయంగా అలాంటి డ్రాఫ్టు హక్కు లేదు. ఇక్కడ చూడాల్సినవి మూడే: మీరు పెట్టిన సంతకం, మీ జాతీయ సంఘం ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ లీగు సొంత నిబంధనలు. హాకీ ఇండియా లీగు 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం పెట్టింది. ఒక్కో జట్టుకి 24 మంది, అందులో విదేశీయులు 8 మంది. హైదరాబాద్ తూఫాన్స్ గొంజాలో పెయ్యాని 68 లక్షలకి కొన్నది, ఆ వేలంలో విదేశీ ఆటగాళ్లలో అదే పెద్ద ధర. అమ్మాయిల్లో యిబ్బి యాన్సెన్‌ని ఒడిశా వారియర్స్ 29 లక్షలకి తీసుకున్నది. ఇలా పాట పాడి కొన్న ఫ్రాంచైజీకి ఆ లీగు వరకే హక్కు. పెయ్యా యూరప్లో ఏ క్లబ్బుకి ఆడాలో తూఫాన్స్ చెప్పదు.

ఎన్‌ఓసీ గురించి షీటులో ఒక్క గీత కూడా లేకపోవడం పెద్ద లోటు. వేరే దేశంలో ఆడబోయే ఆటగాడికి తన దేశపు సంఘం అభ్యంతరం లేదని రాసివ్వాలి. మన పిల్లలకైతే హాకీ ఇండియా. అది రాకుండా కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, క్లబ్బు ఇచ్చిన అడ్వాన్సుతో టికెట్టు కొన్నాక ఎన్‌ఓసీ ఆగిపోతే, ఒప్పందం తప్పింది మీరే అవుతారు. ‘ఎన్‌ఓసీ, పని అనుమతి రెండూ చేతికొచ్చిన రోజు నుంచే ఈ ఒప్పందం అమల్లోకి వస్తుంది’ అన్న వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి. జాతీయ శిబిరానికి పిలుపు వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఆ రోజులకి జీతం కోస్తారా, విమాన ఛార్జీ ఎవరిది అన్నదీ అంతే.

ఆ నోటు వల్ల జరిగే నష్టం రెండో కాగితంలో బయటపడింది. ఏజెంటు ఒప్పందం పదకొండో క్లాజు ఇలా ఉంది: ‘ఈ ఒప్పందం ముగిసిన తర్వాత 24 నెలల పాటు, ఏ క్లబ్బుతో సంతకం చేయాలన్నా ఆటగాడు ముందుగా ఏజెంటుకి ఆ అవకాశం ఇవ్వాలి. ఏజెంటు అంతే ధర చూపిస్తే వేరే చోటికి వెళ్లరాదు.’ పక్క గడిలో ఆఫీసు రాసింది: ‘మామూలు నిబంధనే. నోటు చూడండి.’

అది మామూలు నిబంధన కాదు. ఒప్పందం గడువు తీరాక కూడా మనిషి పొట్టకూటిని కట్టేసే షరతు భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఇదే సంగతి మీద సుప్రీంకోర్టు 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో తీర్పిచ్చింది. మేనేజ్‌మెంట్ కంపెనీ ఒప్పందం ముగిశాక, కొత్త ఆఫర్లన్నీ ముందు తమకే చూపాలన్నది. కుదరదని కోర్టు చెప్పింది. గడువు నడుస్తుండగా సంగతి వేరు: మిమ్మల్ని బలవంతంగా ఆడించలేరు గానీ, ఇంకో క్లబ్బుకి ఆడకుండా ఆపమని కోర్టుకి వెళ్లొచ్చు. ఈ రెంటికీ తేడా తెలిసిన వకీలు కూర్చున్న చోటే ఆ గడి అలా వదిలేయడం బాధ కలిగించింది. ఇంకో మెలిక కూడా ఉంది. పదహారో క్లాజులో ‘వివాదాలకి ఫలానా విదేశపు చట్టం, అక్కడే మధ్యవర్తి తీర్పు’ అని ఉంది. అలా ఉంటే 27వ సెక్షన్ అంత తేలిగ్గా చేతికి రాదు. పదకొండూ పదహారూ కలిపే చదవాలి. వీళ్లు విడివిడిగా చదివారు.

వయసు సంగతి కూడా అడగలేదు. పద్దెనిమిది నిండని పిల్ల పెట్టిన సంతకంతో ఒప్పందం పుట్టదు, 1903 నుంచి మన కోర్టులు చెబుతున్నది ఇదే. హాకీలో మంచి పిల్లలకి ఆఫర్లు పదిహేడుకే మొదలవుతాయి. షీటు మొదటి గడి పుట్టినతేదీ కావాలి. గాయాల క్లాజు మీద నాలుగు ముక్కలే రాశారు. మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగితే ఆపరేషన్ ఎక్కడ, ఎవరి ఇన్సూరెన్సు, కోలుకునే నెలల్లో జీతం వస్తుందా అన్నది ఇంకాస్త విప్పాలి.

మొత్తం మీద ఐదుకి మూడు. యూరప్ ఆఫర్, పన్ను లెక్క కోసమైతే ధైర్యంగా వెళ్లండి. ఏజెంటు ఒప్పందమైతే ఆ రెండు పేజీల నోటు పక్కన పెట్టించి, గడువు తర్వాతి షరతుల మీద వకీలు చేత విడిగా రాయించుకోండి, అదనంగా డబ్బు అడగడం లేదు. వెళ్లేటప్పుడు కాంట్రాక్టు అన్ని పేజీలూ, అనుబంధాలతో సహా తీసుకెళ్లాలి. ‘క్లబ్బు నియమావళి వర్తిస్తుంది’ అని ఉంటే ఆ నియమావళి కూడా తెప్పించుకోవాలి, జరిమానాలన్నీ అందులోనే దాక్కుంటాయి. పాస్‌పోర్టు, పుట్టినతేదీ పత్రం, ఏజెంటుతో నడిచిన వాట్సాప్ సంభాషణల ప్రింటు కూడా. విదేశంలో సంతకమైన అసలు కాగితం పోస్టులో వస్తే కవరు పారేయకండి. అది దేశంలో మొదట చేతికందిన రోజు నుంచి మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏ రోజు వచ్చిందో చెప్పేది ఆ కవరు మీది ముద్రే.