వీడియోలో ఫోరెన్సిక్ అసెస్‌మెంట్: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

కోర్టు కోసం ఒక మనిషి మానసిక స్థితిని, సామర్థ్యాన్ని పరీక్షించి రిపోర్టు ఇవ్వడమే ఫోరెన్సిక్ అసెస్‌మెంట్. దాన్ని వీడియో కాల్ మీద చేయడం గురించి ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంటర్వ్యూకి వీడియో బాగా పనికొస్తుంది. వాక్యాలు చదివి జవాబు ఎంచుకునే ప్రశ్నావళులకు, అవతలి గదిలో నమ్మకమైన సహాయకుడు ఉంటే, ఇంకా బాగా పనికొస్తుంది. సెకన్లు లెక్కపెట్టే పరీక్షలు, చేత్తో ఏదైనా పేర్చాల్సిన లేక గీయాల్సిన పరీక్షలు మాత్రం వద్దు. "ఏదో సుమారుగా చూసుకుందాం" అన్న మాట క్లినిక్‌లో చెల్లుతుందేమో గాని, కోర్టుకు వెళ్లే రిపోర్టులో చెల్లదు.

చికిత్స కోసం చేసే పరీక్షలో నెట్ తడబడి ఒక మార్కు పోతే తర్వాతి సెషన్‌లో సరిచూసుకోవచ్చు. ఫోరెన్సిక్ పనిలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ తక్కువ మార్కును రెండు రకాలుగా చదువుతారు: నిజంగానే సామర్థ్యం తక్కువ, లేదా లేని లోపాన్ని నటిస్తున్నాడు. నెట్‌వర్క్ మింగేసిన మార్కు ఈ రెంటిలో ఏదీ కాదు. కానీ దాన్ని అప్పటికప్పుడు రాసిపెట్టకపోతే ఈ రెంటిలో ఏదో ఒక ఖాతాలో పడిపోతుంది. వర్చువల్ టూల్స్ గురించి నా ఫిర్యాదులన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

అంకెల పరీక్షనే తీసుకోండి. మనం చదివిన అంకెల వరుసను విన్నమనిషి అదే క్రమంలోనో, వెనక నుంచో తిరిగి చెప్పాలి. సెకనుకు ఒక అంకె చొప్పున, ఒకే తీరుగా చదివి, చివరి అంకె దగ్గర గొంతు కాస్త దించాలి. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌ను ఇందుకు తయారు చేయలేదు. మాట ఆగితే అది మైకు తగ్గిస్తుంది, సన్నని శబ్దాన్ని రొద అనుకుని తుడిచేస్తుంది. దాంతో విరామం తర్వాత వచ్చే అంకెలో మొదటి అక్షరం ఎగిరిపోతుంది. "ఏడు" అన్నది "డు" అని చేరితే అది ఏడో, మూడో, రెండో అవతలి మనిషి ఊహించుకోవాలి. గొంతు దించి చెప్పిన చివరి అంకె ఒక్కోసారి అసలు చేరదు. ఇదే పరీక్షలోంచి ప్రయత్నం నిజాయితీగా ఉందా లేదా అని లెక్కగట్టే కొలత కూడా ఒకటి వాడతాం. అంటే మైకు చేసిన తప్పు నేరుగా "నటిస్తున్నాడు" అన్న అనుమానంగా మారే దారి తెరిచే ఉంది.

దీనికి పనిచేసే మందు ఇది. రెండు వైపులా వైరున్న హెడ్‌సెట్లు పెట్టుకోవాలి. స్పీకరు వాడితే ప్రతిధ్వనిని ఆపడానికి సాఫ్ట్‌వేర్ ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవాళ్ల గొంతు నొక్కేస్తుంది. బ్లూటూత్ అయితే ఆలస్యం అదనం, పైగా మధ్యలో చార్జింగ్ అయిపోవడం. హెడ్‌సెట్లు పెట్టాక సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ వాల్యూమ్ రెండూ ఆపేయాలి. అప్‌డేట్ వచ్చాక ఇవి ఒక్కోసారి మళ్లీ వాటంతటవే ఆన్ కావచ్చు కాబట్టి ప్రతిసారీ చూసుకోవాల్సిందే. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ మామూలుగా సాగుతుందని టెలిఫోన్ రంగం ప్రమాణం. 300 దాటితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తుంటారు. అలాంటి లైను మీద ఇంటర్వ్యూ కూడా చేయకూడదు.

తర్వాత లైను పరీక్ష. 20 అంకెలు, ఒక్కొక్కటిగా చెప్పి, చెప్పగానే తిరిగి చెప్పమంటాను. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు. తప్పు వచ్చిందంటే అది లైనుదో చెవిదో. కావాలని తప్పు చెప్పేవాళ్లూ ఉంటారు, అందుకే అవతల కూర్చున్న సహాయకుడు మరో హెడ్‌సెట్‌లో తనకు వినిపించినది కాగితం మీద రాస్తాడు. సహాయకుడు 20 సరిగ్గా రాసి, పరీక్షకు కూర్చున్న మనిషి 8 తప్పులు చెబితే ముందు వినికిడి పరీక్ష చూడాలి, ఆ తర్వాతే నటన గురించి ఆలోచించాలి. ఇద్దరికీ ఒకే అంకె దగ్గర తప్పు వస్తే లైనే దోషి. పరీక్షలన్నీ అయ్యాక ఈ 20 అంకెలు మరోసారి చదవాలి. పొద్దున బాగున్న లైను మధ్యాహ్నానికి పాడవడం మామూలే.

జరిగింది అప్పటికప్పుడు టైముతో సహా రాసిపెట్టే లాగ్ ఇలా ఉండాలి: "10:42. అంకెలు, వెనక నుంచి, ఐదో వరుస, రెండో ప్రయత్నం. నాలుగో అంకె దగ్గర మాట తెగింది, సుమారు ఒక సెకను. సహాయకుడికీ వినపడలేదు. ప్రయత్నం చెల్లదు." "మధ్యలో కనెక్షన్ సమస్యలు వచ్చాయి" అని చివర్లో ఒక వాక్యం రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఏ ప్రశ్న దగ్గర?" అన్న మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. తెగిన వరుసను మళ్లీ చదవడానికి వీల్లేదు, ఎందుకంటే సగం విన్న వరుస రెండోసారి వింటే తేలికవుతుంది. ఒకటి కంటే ఎక్కువ పాడైతే ఆ సబ్‌టెస్ట్ మొత్తాన్ని వదిలేస్తాను, మార్కు వేయను.

స్క్రీన్ షేర్ ఇంకో మాయ. ఒక్కో బొమ్మను మూడు సెకన్లు చూపించి తర్వాత గుర్తుపట్టమనే పరీక్షలున్నాయి. వాటి పేర్లు, కటాఫ్‌లు కావాలనే రాయడం లేదు. పరీక్షకు వచ్చేవాళ్లూ నెట్‌లో వెతుకుతారు. బొమ్మ మారగానే నెట్ మీద భారం పెరిగి, మొదట మసకగా వచ్చి తర్వాత తేరుకుంటుంది. మన తెర మీద మూడు సెకన్లున్న బొమ్మ అవతల స్పష్టంగా ఉన్నది రెండు సెకన్లే కావచ్చు. మనకు కనిపించేది మన తెర మాత్రమే కాబట్టి ఈ సంగతి తెలియనే తెలియదు. బొమ్మల ఫైలు అవతలి పరికరంలోనే ఉండి, అక్కడి సహాయకుడే నడిపిస్తే ఈ బాధ ఉండదు. అలా కుదరకపోతే ఆ పరీక్షను ముఖాముఖికి అట్టిపెట్టుకోవడం మేలు.

ఘనాలు పేర్చే బ్లాక్ డిజైన్ సంగతి చెప్పేదేముంది, ఘనాలు చేతిలో ఉండాలి. పెద్దవాళ్ల తెలివితేటలు కొలిచే వేయిస్ పరీక్ష నాలుగో కూర్పులో 69 ఏళ్ల వరకు దాని బదులు ఫిగర్ వెయిట్స్ (బొమ్మలోని త్రాసును సరితూచే జవాబు ఎంచుకునేది) వాడుకునే వీలుంది. గుర్తులు నింపే వేగ పరీక్షలకు కాగితం, పెన్సిలు, పైనుంచి చూసే కెమెరా, స్టాప్‌వాచ్ పట్టిన శిక్షణ గల మనిషి కావాలి. అంత మందీమార్బలం పెట్టగలిగినప్పుడు మనమే అక్కడికి వెళ్లొచ్చు.

ప్రశ్నావళులకు వస్తే, నాకు మారుమాట లేకుండా నచ్చినవి ఇవే. వ్యక్తిత్వాన్ని, మానసిక సమస్యలను అంచనా వేసే ఎంఎంపీఐ-3లో 335 వాక్యాలు, అలాంటిదే అయిన పీఏఐలో 344. కంప్యూటర్ మీద మొదటిది 25 నుంచి 35 నిమిషాల్లో అవుతుంది, మార్కులు వెంటనే వచ్చేస్తాయి, చేత్తో లెక్కగట్టడంలో దొర్లే తప్పులుండవు. ఒక్క షరతు. లింకు పంపి "ఇంట్లో తీరిగ్గా నింపండి" అనడం ఫోరెన్సిక్ పనిలో నిషిద్ధం అనుకోండి. నింపింది ఎవరు, పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్నలకు జవాబుండదు, పైగా ప్రశ్నలన్నీ ఫొటోలై తిరుగుతాయి.

టచ్‌స్క్రీన్‌తో జాగ్రత్త. తాకినప్పుడు తెర ఆలస్యంగా కదిలితే మనిషి మళ్లీ తాకుతాడు, ఆ రెండో తాకిడి తర్వాతి వాక్యానికి జవాబుగా నమోదవుతుంది. ఇలా ఓ పది జరిగితే జవాబుల పొంతనను చూసే వాలిడిటీ స్కేలు పైకి లేస్తుంది, రిపోర్టు "చదవకుండా నింపాడు" అంటుంది. మౌసు ఇవ్వండి, లేదా ప్రతి జవాబు తర్వాత "తర్వాతిది" అని విడిగా నొక్కే సెట్టింగ్ ఉంటే పెట్టండి. మొదటి వాక్యాన్ని గట్టిగా చదివించుకుంటే చదవడం వచ్చో రాదో కూడా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసిచ్చే వ్యాఖ్యానాన్ని మాత్రం రిపోర్టులో యథాతథంగా అతికించకండి. ఆ వాక్యం ఈ మనిషికి ఎందుకు వర్తిస్తుందని అడిగితే సాఫ్ట్‌వేర్ బోను ఎక్కదు.

ఇంటర్వ్యూ ఆధారంగా అంచనా వేసే టూల్స్‌లో తేడా ఉంది. హింసకు దిగే ముప్పును అంచనా వేసే హెచ్‌సీఆర్-20 మూడో కూర్పులో 20 అంశాలకు పది గతానికి సంబంధించినవి, వాటికి ఫైళ్లే ప్రధానం. కాబట్టి వీడియోతో పెద్దగా నష్టం లేదు. సైకోపతీ లక్షణాలను (జాలి, పశ్చాత్తాపం లేని స్వభావాన్ని) కొలిచే పీసీఎల్-ఆర్‌లోనూ 20 అంశాలే, ఒక్కోదానికి 0, 1, 2. అందులో పైపై ఆకర్షణ, లోతులేని భావాలు లాంటివి మనిషిని ఎదురుగా చూస్తేనే తేలతాయి. వీడియో ముఖాన్ని చదును చేస్తుంది, ఆలస్యం వల్ల నవ్వు ఒక క్షణం తర్వాత వస్తుంది, దాన్ని భావశూన్యత అనుకునే ప్రమాదం ఉంది. "కళ్లలోకి చూడలేదు" అని రిపోర్టులో రాసేముందు కెమెరా తెరకు పైన ఉందా, పక్కన ఉందా చూసుకోండి. తెర మీద మన ముఖాన్ని చూస్తున్న మనిషి మనకు కిందికి చూస్తున్నట్టే కనిపిస్తాడు.

గది గురించి రెండు మాటలు. మొదట్లో కెమెరాను నాలుగు గోడల చుట్టూ తిప్పించాలి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ లాగ్‌లో ఉండాలి. కాపలా మనిషి ఉండక తప్పకపోతే మాట వినపడనంత దూరంలో, కెమెరాకు కనిపించేలా కూర్చోవాలి. దుబాసీ ఉంటే అవతలి గదిలోనే ఉండటం మంచిది. ముగ్గురూ మూడు చోట్ల ఉంటే ఆలస్యం పెరిగి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చెప్పిన విషయం రహస్యంగా ఉండదనీ, రిపోర్టు ఎవరికి వెళ్తుందనీ చెప్పి, దాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. తల ఊపడం వీడియోలో సమ్మతి కాదు. మాటల్ని దానంతటదే రాసుకునే అసిస్టెంట్ ఫీచర్ ఉంటే ఆపేయండి, ఆ నకలు ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోవాలి. నేను పెట్టుకున్న గీత: మూడుసార్లు లైను తెగినా, ఒక్కసారే పది నిమిషాలు పోయినా ఆ రోజుకి పరీక్షలు బంద్, మిగతావి ముఖాముఖి. రిపోర్టులో "వీడియో ద్వారా చేసినందున పరిమితులు ఉండవచ్చు" అని రాయను. ఇలా రాస్తాను: "అంకెల పరీక్షలో రెండు ప్రయత్నాలు లైను వల్ల చెల్లలేదు, దానికి మార్కు ఇవ్వలేదు. జ్ఞాపకశక్తిపై నా అభిప్రాయం దాని మీద ఆధారపడలేదు."