గానుగకు అప్పు పుట్టింది, గింజలకు పుట్టలేదు

కదిరి దగ్గర మా ఊళ్లో నేను వేరుశనగ నూనెకు కర్ర గానుగ పెట్టి రెండున్నరేళ్లయింది. ఈలోపు అప్పు కోసం ఎక్కని గడప లేదు. గానుగో, పిండి మిల్లో పెట్టాలనుకునేవారికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

గానుగ కోసం పీఎంఎఫ్‌ఎంఈ కింద బ్యాంకుకు దరఖాస్తు చేశాను. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకం ఇది. గానుగ, మోటారు, వడపోత యంత్రం కలిపి 4 లక్షలు. నేను 40 వేలు పెట్టుకుంటే 3,60,000 బ్యాంకు ఇచ్చింది. ఖర్చులో 35 శాతం, అంటే 1,40,000 సబ్సిడీ. అది చేతికి రాదు. మన పేరుతో వేరే ఖాతాలో మూడేళ్లు కూర్చుంటుంది. వాయిదాలు తప్పకుండా, గానుగ ఆగకుండా ఉంటేనే అప్పులో జమవుతుంది. ఇది తెలియక ఆ డబ్బుతో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టేద్దామని లెక్కలు వేసుకున్న తెలివైనదాన్ని నేను.

ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉంటారు. వారికి ప్రభుత్వమే చెల్లిస్తుంది, మనం పైసా ఇవ్వనక్కర్లేదు. మాకు వచ్చినామె ఉద్యం రిజిస్ట్రేషను (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) కూడా దగ్గరుండి చేయించింది. ఆ తరువాత ఫైలు బ్యాంకులో నాలుగు నెలలు నిద్రపోయింది. "ఇంటి పత్రాలు తీసుకురండమ్మా" అన్నారు మేనేజరు. చిన్న పరిశ్రమకు 10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది కదండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను ఒకసారి చూశారు. పత్రాల ఊసు మళ్లీ ఎత్తలేదు గానీ, సంతకం పడడానికి మరో నెల పట్టింది.

అసలు చిక్కు ఆ తరువాతే, గింజలు కొనే డబ్బు దగ్గర. దీపావళి దాటాక కాయ ఇళ్లకు చేరుతుంది. మంచి కదిరి-6 రకం కాయ కాస్త అందుబాటు ధరలో దొరికేది ఆ రెండు నెలలే. క్వింటాలు గింజలు ఆడిస్తే నలభై కిలోలకు అటూ ఇటూగా నూనె, మిగిలింది చెక్క (పిప్పి). ఆ నూనె లీటరు, రెండు లీటర్ల లెక్కన ఏడాది పొడవునా పోతుంది. రెండు నెలల్లో గుమ్మరించి పది నెలలు ఏరుకునే వ్యాపారం అన్నమాట. పంటకైతే ఇలాంటి అప్పే కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఇస్తారు. మా ఆయన ఏటా తెస్తారు, గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే. అదే కాయను కొని ఆడించే నేను మాత్రం బ్యాంకుకు రైతును కాను, వ్యాపారిని. గింజలకు అప్పు అడిగితే రెండేళ్ల లెక్కలు చూపించమన్నారు. గానుగ వచ్చి అప్పటికి ఆరు నెలలు!

అప్పుడే మైక్రోఫైనాన్స్ కుర్రాడు వచ్చాడు. 60 వేలు, 24 నెలలు, నెలకు 3,172. రెండు రోజుల్లో డబ్బు ఖాతాలో పడింది, అందుకు మెచ్చుకోవాలి. "నూటికి రూపాయి పైచిలుకే అక్కా" అన్నాడు. కట్టేది మొత్తం 76,128 కాబట్టి పైకి అలాగే కనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నాం కదా? తగ్గే అసలు మీద లెక్కేస్తే ఏడాదికి 24 శాతం, అంటే నూటికి రెండు రూపాయలు. మా ఊరి వడ్డీ వ్యాపారి ధరే. ఆ 24 అంకె వాళ్లు ఇచ్చిన కాగితంలోనే ఉంది. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నియమాల ప్రకారం ఆ కాగితం ఇచ్చి తీరాలి, చదివి సంతకం పెట్టండి.

వడ్డీ కన్నా నన్ను ఏడిపించింది వాయిదా. డిసెంబరులో గింజలు కొంటే జనవరి ఐదు నుంచే కట్టాలి. ఆడించని మూటలు మూడు తక్కువకు అమ్మి ఒక వాయిదా కట్టాను. కుర్రాడు మర్యాదస్థుడే, ఆరు దాటాక ఫోను చేయలేదు. మా అత్తగారు మాత్రం అతను వచ్చినప్పుడల్లా లోపలికి వెళ్లిపోయేవారు. మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులను ఆపడానికి 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, దానికి ముందు రోజులు ఆమెకు బాగా గుర్తు.

అన్నిటికన్నా చవక మా పొదుపు సంఘం అప్పు. పది మందికి 10 లక్షలు, హామీ లేదు. కానీ వ్యాపారం చేసేది ఇద్దరమే అయినా తలా లక్ష పంచుకోవడం మా ఆనవాయితీ. ఆ తప్పు బ్యాంకుది కాదు, మాది. పోయిన ఏడాది ఇద్దరు తమ వాటా నాకు వదిలారు, వారి వాయిదా నేనే కడుతున్నాను. సంఘాల మహిళలకు అప్పిచ్చే సహకార సంస్థ స్త్రీ నిధి నుంచి మరో 50 వేలు వచ్చాయి.

ఇంకా తగ్గిన సొమ్ముకు గాజులు తాకట్టు పెట్టాను. గంటలో పని అయింది. రిపోర్టు లేదు, లెక్కలు లేవు, ఏడాది చివర ఒకేసారి కట్టవచ్చు. నా వ్యాపారానికి సరిగ్గా అమరిన అప్పు ఇదే. గానుగను చూసి కాదు, గాజులను చూసి ఇచ్చారు.

గానుగ అప్పుకు ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒకటి ఫైలు నిద్రకు తగ్గించాను. మైక్రోఫైనాన్స్‌కు రెండు, అవీ వేగానికే. సంఘానికి నాలుగున్నర. గింజల అప్పుకు ఇంకా మార్కులు వేయలేదు, ఎందుకంటే నా రెండేళ్ల లెక్కలు ఇప్పుడే పూర్తయ్యాయి. సోమవారం ఆ ఫైలు పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను. పాత మేనేజరు బదిలీ అయ్యారట. ఈలోగా కాయ ధర పెరుగుతోంది.