చారుకి ఏ గిన్నె మేలు: తగరమా, రాయా, స్టీలా?

చెన్నై పశ్చిమ మాంబళంలో మా పక్కింటి మామి రసం ఈయచొంబులోనే, అంటే తగరపు చెంబులోనే పెడుతుంది. ఆ రుచికి ఆశపడి నేనూ ఒకటి కొన్నాను. మూడో వారమే, ఖాళీ చెంబుని స్టవ్ మీద పెట్టి చింతపండు పిసకబోయాను. తిరిగి చూసేసరికి అడుగు కరిగి బర్నర్ మీదికి జారింది.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఇనుము 1538 దాకా ఆగుతుంది. రెండింటిలోనూ లోహబంధమే. పరమాణువులు వెలుపలి ఎలక్ట్రాన్లను ఉమ్మడి సొత్తుగా వదిలేస్తాయి, ఆ ఎలక్ట్రాన్లే అన్నిటినీ కలిపి పట్టుకుంటాయి. ఆ పట్టు తగరంలో వదులు, ఇనుములో బిగువు. లోపల చారు ఉన్నంతసేపూ చెంబు వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి కరగదు. అందుకే మామి ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే మంట వెలిగిస్తుంది.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యం. మనకి తగరం వేరు, సీసం వేరు. తమిళంలో వాడుకలో రెండూ ఈయమే. తగరాన్ని వెళ్ళీయం, సీసాన్ని కారీయం అని విడదీసి అడగాలి. సీసం విషం, పులుపు తగిలితే చారులోకి దిగుతుంది. ఒకే పరిమాణం ఉన్న ముక్కలైతే సీసం తగరం కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కానీ తగరంలో సీసం కల్తీని చేతి బరువుతో పట్టలేం. పరీక్ష చేయించిన కాగితం చూపించని కొట్టులో కొనకండి.

రాచ్చిప్ప సంగతి పూర్తిగా వేరు. మనం పలక మీద రాసిన బలపం, ఈ చిప్ప ఒక జాతి రాళ్లే. ఇందులో ఉండేది టాల్క్, అంటే మెగ్నీషియం సిలికేట్. ఒక్కో పొరలో సిలికాన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి సమయోజనీయ బంధాలతో అల్లుకుని ఉంటాయి, చింతపండు పులుపు వాటిని కదిలించలేదు. పొరకీ పొరకీ మధ్య మాత్రం బలహీనమైన ఆకర్షణే. అందుకే గోటితో గీస్తే గీత పడుతుంది. ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరగవు, చిప్ప కూడా మందం, కాబట్టి నిదానంగా కాగుతుంది. కాగాక స్టవ్ ఆపినా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఆ కాసేపట్లోనే ముక్కలకి పులుపు, ఉప్పు పట్టేస్తాయి. లోహంలో పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారగలవు, కాబట్టి గిన్నె పడితే సొట్ట పోతుంది. రాయి అలా వంగదు, పడితే రెండు ముక్కలే. కొత్త చిప్పకి నూనె, పసుపు రాసి, కొన్నాళ్లు వేడి గంజి పోసి అలవాటు చేయాలి. ఒక్కసారిగా పెద్ద మంట పెట్టకూడదు.

మంచి రకం స్టీలు గిన్నెలో సుమారు 18 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది. పీచుతో గీకినా ఆ పొర మళ్లీ తనే ఏర్పడుతుంది. పులుపుకి లొంగదు. ఉప్పులోని క్లోరైడ్ మాత్రం దానికి శత్రువు. చల్లని నీళ్లలో రాళ్లుప్పు వేసి వదిలేస్తే అడుగున చిన్న చిన్న గుంటలు పడతాయి. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలిపితే ఆ బాధ తప్పుతుంది. పైగా స్టీలు వేడిని సరిగా పంచదు, పప్పుచారు అడుగంటేది అందుకే.

ఇనుప మూకుడులో చారు వద్దు. పులుపు ఇనుముని కరిగిస్తుంది, చారు నల్లబడి లోహపు రుచి వస్తుంది. మీరు ఓపికగా కాచి పట్టించిన నూనె పొర కూడా పోతుంది. వేపుడికి, దోసెకి మాత్రం దానికి సాటి లేదు.

నా మటుకు పులుసుకి రాచ్చిప్పే మేలు. పొద్దున్న ఆఫీసుకి పరుగెత్తే రోజుల్లో చారు స్టీలు గిన్నెలో పెడతాను. ఈయచొంబు మళ్లీ కొన్నాను గానీ, చారు ముందు స్టీలు గిన్నెలో మరిగించి, చివరి పొంగు కోసమే దాన్ని అందులోకి ఒంపుతున్నాను.