గుండ్లకమ్మ జలాశయం: ఆయకట్టు వైపు నుంచి ఒక సమీక్ష

ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలం మల్లవరం వద్ద కట్ట మీద నిలబడి చూసిన వారెవరైనా గుండ్లకమ్మ జలాశయానికి మంచి మార్కులే వేస్తారు. అయితే జలాశయమన్నది ఆయకట్టు రైతుకూ, కుళాయి కింద బిందె పెట్టిన ఇల్లాలికీ అందవలసిన సేవ కనుక, ఆ లెక్కలోనే తూచి చూడాలనిపించింది.

నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం ప్రాంతాన పుట్టి, కంభం చెరువును నింపి, అద్దంకి మీదుగా బంగాళాఖాతం చేరే ఈ నది వానకు ఉరికి, వేసవికి ఇసుక తేలుతుంది. అటువంటి నది మీద 3.859 టీఎంసీల జలాశయం కట్టి, సుమారు 80 వేల ఎకరాలకు సాగునీరూ, ఒంగోలుకూ పరిసర గ్రామాలకూ తాగునీరూ ఇవ్వాలన్న ఆలోచన సబబైనదే. 2008లో ఇది ప్రారంభమైంది.

చిక్కంతా గేట్ల దగ్గరే వచ్చింది. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోగా, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానల తరువాత మరో గేటు పోయింది. తుప్పు పట్టిన గేట్లకు సకాలంలో మరమ్మతులు చేయలేదన్న విమర్శలు అప్పట్లో బలంగానే వినిపించాయి. నన్ను ఎక్కువగా కలచినది రెండవ ఘటన జరిగిన సమయం. ఆగస్టులో నీరు పోతే అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనాల మీద కొంత ఆశ పెట్టుకోవచ్చు. డిసెంబరులో సముద్రం పాలైన నీటికి బదులు మళ్లీ వచ్చే ఏడాది వానాకాలం దాకా దొరకదు, రబీ పైరు మాత్రం అప్పుడే తడి అడుగుతుంది. అంటే ఈ నది పరీవాహక ప్రాంతంలో గేటు మరమ్మతు కూడా పంటల పంచాంగంలో భాగమే.

ఎగువన కంభం చెరువు కట్ట విజయనగర కాలం నుంచీ రెండు కొండల నడుమ నిలిచి ఉంది. దానితో పోల్చడం పూర్తిగా న్యాయం కాదని ఒప్పుకుంటాను. అక్కడ మిగులు నీరు అలుగు మీదుగా పోతుంది, ఇక్కడ మొత్తం వరదను ఉక్కు గేట్లే పట్టి ఉంచాలి. పైగా కంభం చెరువు నిండకుండా గడిచిన ఏళ్లూ తక్కువేమీ కావు. అయినా గేట్లున్న చోట కాపలా, గ్రీజు, రంగు, విడిభాగాల ఖర్చు ఏటా తప్పదన్నది కట్టిన రోజే తెలిసిన సంగతి.

కాలువల గురించి పెద్దగా చెప్పను. చివరి భూములకు నీరందించడం ఏ కాలువకైనా గట్టి పరీక్షే. ఆలోచనకు ఐదుకు నాలుగు, నిర్వహణకు రెండు ఇస్తున్నాను. వానలకు ముందే గేట్లన్నిటినీ ఎత్తి దించి చూశారా, గేటు పాడైనప్పుడు నీటికి అడ్డుపెట్టే పలకలు, అంటే స్టాప్‌లాగ్‌లు, అక్కడ సిద్ధంగా ఉన్నాయా అన్న రెండు సంగతులనూ తేదీతో సహా కట్ట దగ్గర బోర్డు మీద రాసి పెడితే, నిర్వహణకు మరో మార్కు కలుపుతాను.