చెవిలో బడ్సా, చెంప మీద బోన్ హెడ్‌సెట్టా: ఏది మేలు?

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్లే రోడ్డులో పొద్దున్నే నడుస్తాను. ఆదివారం ఆ రోడ్డు మనది కాదు, గుడికెళ్లే ఆటోలది. ఓ ఆదివారం రెండు చెవుల్లో ఇయర్‌బడ్స్ కుక్కుకుని పోతుంటే వెనక హారన్ వినపడలేదు. ఆటో అద్దం మోచేతిని గీరుకుంటూ పోయింది. ఆ వారమే బోన్ కండక్షన్ హెడ్‌సెట్ కొన్నాను.

"ఏటే, కళ్లజోడు తిరగేసి పెట్టేవు?" అంది పిన్ని. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. మెడ వెనక నుంచి ఓ తీగ, చెవి ముందు చెంప ఎముక మీద ఆనే రెండు బిళ్లలు. చెవి రంధ్రం ఖాళీ. బిళ్ల అదిరితే ఆ అదురు పుర్రె ఎముక గుండా లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాకు చేరుతుంది. కర్ణభేరితో పని లేదు. నమ్మకపోతే రెండు చెవులూ వేళ్లతో మూసుకుని చేగోడీ నమలండి, బుర్ర నిండా మోతే. రికార్డు చేసిన మన గొంతు మనకే పరాయిగా అనిపించేదీ ఇందుకే. మాట్లాడేటప్పుడు ఎముక గుండా కూడా వింటాం, ఫోన్లో ఆ వాటా ఉండదు.

రోడ్డు మీద నా ఓటు దీనికే. పాట కోసమే అయితే మాత్రం బడ్స్ కొనుక్కోండి. తప్పెటగుళ్లు పెట్టి చూశాను: గజ్జెలు గలగలా వినిపిస్తాయి, తప్పెట దెబ్బలో బరువుండదు. సౌండ్ పెంచితే చెంప మీద చీమలు పాకినట్టు గిలి. వైజాగ్ బస్సులో ఇంజిన్ మోతకి ఏమీ వినపడదు. చెవులు తెరిచే ఉంటాయి కదా! కర్ణభేరి జోలికి పోదు కాబట్టి ఎంత సౌండైనా హాని లేదనే మాట నమ్మొద్దు. దెబ్బ తినేది కాక్లియాలోని సన్నని కణాలు. శబ్దం ఏ దారిన వచ్చినా చేరేది అక్కడికే.

ఇంకో సంగతి, నేను మొదట ఏడు వందలకి తెచ్చింది దొంగ సరుకు. పేరు బోన్ కండక్షనే, లోపల మాత్రం చిన్న స్పీకర్లు. పాట పెట్టి చెవులు మూసుకుంటే తెలిసిపోతుంది. అసలుదైతే పాట ఆగదు, బేస్ ఇంకా పెరుగుతుంది. నాదైతే చచ్చిపోయింది.

ఇది చూసి డెబ్బై దాటిన మావయ్య తనకీ ఒకటి కావాలన్నాడు. ఆయనకి మాట వినపడుతుంది గానీ ఏమన్నారో తెలీదు. ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాం. డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల లోహపు కడ్డీని మోగించి ఓసారి చెవి వెనక ఎముకకి ఆనించాడు, ఓసారి చెవి ముందు పట్టుకున్నాడు. ఎక్కడ గట్టిగా ఉందని అడిగితే, చెవి ముందే అన్నాడు మావయ్య. అంటే బయటి దారి బాగానే ఉంది, లోపమంతా లోపలి చెవిలో, నరంలో. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువగా ఇదే. దారి మార్చి పంపినా చేరేది ఆ పాడైన చోటికే కాబట్టి, ఆయనకి మామూలు హియరింగ్ ఎయిడే మేలు.

పిన్ని సంగతి తిరగబడింది. చిన్నప్పటి నుంచీ ఆవిడ చెవి చీము కారుతుంది. చెవిలో పెట్టే మెషిన్ పెడితే గాలాడక చీము ఇంకా ఎక్కువయ్యేది. ఫోర్క్ ఆవిడకి ఎముక మీదే గట్టిగా వినిపించింది. ఇలాంటి వాళ్లకీ, పుట్టుకతో చెవి రంధ్రం లేని పిల్లలకీ ఎముక దారే దారి. చెవి వెనక ఎముకలో టైటానియం స్క్రూ దించి దానికి మెషిన్ తగిలించే పద్ధతి 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది. ఆపరేషన్ అంటే భయమున్నవాళ్లకీ, ఎముక ఇంకా గట్టిపడని చిన్నపిల్లలకీ తలకి బ్యాండుతో కట్టే రకం ఉంది.

పిన్నికి వైజాగ్‌లో ఆ బ్యాండే కట్టి చూశారు. కాసేపు కదలకుండా కూర్చుని, తలెత్తి పైకి చూసింది.

"ఈ ఫ్యాను ఇంత గోల చేస్తాదేటే?"