యూదు గుర్తులు చూడాలంటే రైడర్-వెయిటా, మార్సెయా?

యూదు గుర్తులు వెతకడానికే టారో (జోస్యానికి వాడే బొమ్మల కార్డులు) కొంటుంటే రైడర్-వెయిట్ సెట్ తీసుకోండి. 1909 నాటి ఈ సెట్‌లో హై ప్రీస్టెస్ అనే కార్డు మీది స్త్రీ ఒడిలో ‘తోరా’ (యూదుల ధర్మగ్రంథం) అని రాసిన కాగితపు చుట్ట సగం వస్త్రం చాటున కనిపిస్తుంది, అటూ ఇటూ సొలొమోను ఆలయ స్తంభాలు యాకీను, బోయజు. అదృష్ట చక్రం కార్డు మీదైతే దేవుడి పేరే, నాలుగు హీబ్రూ అక్షరాల్లో. పాత ఫ్రెంచ్ సెట్ మార్సెయ్‌లో ఇవేవీ ఉండవు.

ధర: రైడర్-వెయిట్ చవక ముద్రణలు ఆన్‌లైన్‌లో బోలెడు. మార్సెయ్‌కి కాస్త వెతకాలి.

శ్రమ: మార్సెయ్ అంకెల కార్డుల్లో బొమ్మకథలుండవు, ఉత్త కత్తులూ కప్పులే.

రిస్క్: రైడర్-వెయిట్ చూసి టారో యూదులదేనని నమ్మేస్తారు. అసలది 15వ శతాబ్దపు ఇటలీ పేకాట. టారోలోని 22 ప్రధాన బొమ్మ కార్డులకు 22 హీబ్రూ అక్షరాలు ముడిపెట్టడాన్ని 1850ల్లో బాగా వ్యాప్తి చేసింది ఎలిఫాస్ లెవీ అనే ఫ్రెంచాయన, యూదుడు కూడా కాదు, పేరు హీబ్రూలోకి మార్చుకున్నాడంతే!

గుర్తులు విప్పుకోవాలంటే రైడర్-వెయిట్. ఆ అతుకులు పడకముందు కార్డులెలా ఉండేవో చూడాలంటే మార్సెయ్.